చావు ఐసు

నాకు కోపం ఎక్కువని మా రేవు మొత్తం అంటుంది. నిజమే. ఐసు ఫ్యాక్టరీ నడిపే మనిషికి నోరు కూడా చల్లగా ఉండాలని రూలేమీ లేదు. మా పాస్టరమ్మ ప్రతి ఆదివారం నా నోటి కోసం విడిగా ప్రార్థన చేయిస్తుంది. ఒక్కసారి కరెంటు వాళ్ళ కోసం చేయించమ్మా, నా నోరు దానంతట అదే బాగుపడుతుంది అని చెప్పాను. ఆమె నవ్వింది గానీ నేను నవ్వడానికి చెప్పలేదు.

కావలికి తూర్పున, పడవలు వచ్చే రేవు పక్కనే మా ఫ్యాక్టరీ. పేరుకి ఫ్యాక్టరీ. ఉన్నదల్లా ఒక రేకుల షెడ్డు, ఒక కంప్రెసరు, ఉప్పునీళ్ళ తొట్టి, అందులో వరసగా దింపిన ఇనప డబ్బాలు. డబ్బాల్లో మంచినీళ్ళు పోస్తే మరునాటికి దిమ్మ కడుతుంది. మధ్యలో కరెంటు పోయిందా, చుట్టూ పెంకు కట్టి కడుపులో నీళ్ళే ఉంటాయి. దాన్ని ఐసని అమ్మితే పడవలవాళ్ళు నన్నే అమ్మేస్తారు. దిమ్మలు కొనలేనివాళ్ళు ముక్కలు కొంటారు. గంపలో చేపలు పెట్టుకొని ఊళ్ళమ్మట అమ్మే గురవమ్మ ముక్కల కోసం రోజూ వచ్చేది, రోజూ నాతో పోట్లాడేది. "నీ ఐసు కట్ట దాటకముందే నీళ్ళయిపోతాది మే, నీ కోపం మాత్రం కరగదు" అనేది. ఇంకో గుప్పెడు వేసేదాకా కదిలేది కాదు.

ఈ ఫ్యాక్టరీ మా నాయన లాజరస్ పెట్టాడు. ఆయన పెట్టిన కంప్రెసరు మార్చాను, రేకులు మార్చాను, ఒక్క పద్ధతి మాత్రం మార్చలేదు. చావు ఐసు. రేవులో ఎవరింట్లో చావు జరిగినా ఐసుకి డబ్బు తీసుకోం, వరసలో నిలబెట్టం. కులం అడగం, మతం అడగం. ఆ మాట చెవిన పడగానే ముందున్నవాళ్ళు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి పక్కకి జరుగుతారు. ఐసు పంపి ఊరుకోకూడదు, పని తెమలగానే దండ పట్టుకొని పోయి చూసి రావాలి. ఇప్పుడు కావలి నుంచి ఫ్రీజరు పెట్టెలు అద్దెకి వస్తున్నాయి. కానీ వాటికీ కరెంటు కావాలి. కరెంటు లేని రోజు పోయినవాళ్ళకి ఇప్పటికీ మేమే దిక్కు.

మొన్న గాలివానకి స్తంభాలు పడిపోయి కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో జరిగింది ఇదంతా. సముద్రం తెరిపినివ్వగానే పడవలన్నీ ఒకేసారి పోయాయి, ఒకేసారి నిండుగా వచ్చాయి. నా దగ్గర గట్టిపడిన దిమ్మలు కొన్నే. షెడ్డు ముందు వరస రోడ్డు దాకా ఉంది. అందరికంటే ముందు పెంచలకృష్ణ. అతని పడవలో చేప ఎండలో ఉంది. అతని ట్రాలీ ఆటోకి దిమ్మలు ఎక్కించబోతుంటే గిరిబాబు బైకు మీద వచ్చి పడ్డాడు. చెరువుల దగ్గర రొయ్యలు కొని కంపెనీలకి పంపే ఏజెంటు వాడు.

"అక్కా, మా అత్త పోయింది. చావు ఐసు" అన్నాడు.

వాళ్ళ అత్త వెంకటశేషమ్మ నాకు తెలుసు. మా నాయనని అన్నా అని పిలిచేది. రెండు దిమ్మలు తీయమన్నాను.

"రెండు చాలవక్కా. బావమరిది వచ్చేదాకా ఉంచాల. నాలుగియ్యి."

వాడి కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ నీళ్ళు రొయ్యల కోసమని నాకెలా తెలుస్తుంది? పెంచలకృష్ణ నన్ను అడగను కూడా అడగలేదు. తువ్వాలు తీశాడు, పక్కకి జరిగాడు, తన ఆటోలోనే ఆ నాలుగు దిమ్మలూ గిరిబాబు చెప్పిన చోటికి తోలించాడు. డ్రైవరు తిరిగొచ్చి రోడ్డు మలుపులోనే దించించుకున్నారని చెప్పాడు. దారి బాగాలేదేమో అనుకున్నాను. ఇంక నా దగ్గర మిగిలింది పెంకులు.

సాయంత్రం చామంతి దండ కొనుక్కొని వెంకటశేషమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో చెప్పులు లేవు, ఏడుపులు లేవు. అరుగు మీద కూర్చొని ఆమె వేరుశనక్కాయలు వలుస్తోంది. బైబిల్లో చచ్చి లేచిన లాజరస్ పేరే మా నాయనది కాబట్టి చచ్చినవాళ్ళు లేచారంటే నమ్మే వంశమే మాది. అయినా ఒకడుగు వెనక్కి వేశాను.

"ఏం మే ఎలిశబెతూ, ఎవురికా దండ?" అంది.

"నీకే" అన్నాను.

"నాకెందుకు?"

అప్పుడు వచ్చింది కోపం. కింది నుంచి పైదాకా. "పొద్దన నువ్వు పోయినావంట. మీ అల్లుడు చెప్పి నాలుగు దిమ్మలు ఎత్తకపోయినాడు."

వలుస్తున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. "నాకు నాలుగా? నేనేమన్నా ఏనుగునా?" అని నవ్వింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం గానీ అత్త చావునే అమ్ముకున్నవాణ్ణి మొదటిసారి చూస్తున్నాను అన్నాను. ఆమె ఇంకాస్త నవ్వి, నవ్వు ఆపేసి, చాట పక్కన పెట్టింది.

"అయితే నా ఐసు అయిపోయినట్టేనా? రేపు నేను నిజంగా పోతే ఇయ్యవా?"

వేళాకోళం కాదు. భయపడే అడిగింది. ఇస్తానమ్మా అంటే సరిపోయేది. నా కోపం ఆ మాటని బయటికి రానిస్తేగా.

"పోయినాక ఫోటో తీసి చూపిస్తే ఇస్తా. నీకే కాదు, ఎవురికైనా అంతే" అన్నాను.

అప్పుడే గిరిబాబు బైకు దిగాడు. నన్ను చూసి, దండ చూసి, పారిపోదామా వద్దా అని ఆలోచించి, చివరికి నవ్వు మొహం పెట్టాడు.

"మాటకి చచ్చిపోతారా అక్కా? చెరువు పట్టేసినాం. రొయ్యలన్నీ గట్టు మీద ఎండలో ఉండాయి. వరసలో నిలబడితే నువ్విస్తావా? దిమ్మలకెంతో చెప్పు, ఇచ్చేస్తా. అంతే గదా?"

"అంతే" అన్నాను. దండ తీసి వాడి మెళ్ళో వేశాను. "చచ్చినోళ్ళకని తెచ్చినా. ఎవురో ఒకరు వేసుకోవాల గదా."

వాడు పాము మీద పడ్డట్టు ఎగిరి దాన్ని లాగి పారేశాడు. వెంకటశేషమ్మ వాణ్ణి ఏమందో నేను వినలేదు గానీ, సందు చివరిదాకా ఆమె గొంతు వినపడుతూనే ఉంది. కాస్త ప్రాణం సుఖపడింది. అది మరునాటి దాకా కూడా నిలవలేదు.

పొద్దున్నే పెంచలకృష్ణ వచ్చాడు. ఐసు లేక అతని చేప మెత్తబడిపోయి, ఎండుచేపలవాళ్ళకి పోయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"చేప పోతే పోయిందిలే అక్కా. తువ్వాలు తీసినా చూడు, అదీ నాకు మండేది. ఇంకోసారి చావంటే నేను జరగను. ముందే చెప్తావుండా."

వెనకాల వరసంతా అవునంది. మా నాయన కాలం నుంచి ఎవరూ చెప్పకుండా జరిగిన మనుషులు వీళ్ళు. నేను లోపలికి పోయి ఒక అట్ట తీసి, ఎర్ర రంగుతో రాసి గోడకి కొట్టాను: చావు ఐసుకి ఫోటో చూపించవలెను. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టని నాకూ తెలుసు. కానీ అందరూ మంచి పని చేశావన్నారు. పొగిడితే కోపం కూడా న్యాయంలాగే కనపడుతుంది.

ఆ నెలలోనే మళ్ళీ కరెంటు పోయింది. ఈసారి లైను మార్చడమట. మళ్ళీ దిమ్మలు తక్కువ, మళ్ళీ వరస. సిగ్గు లేకుండా గిరిబాబు కూడా వరసలో ఉన్నాడు. నేను కొక్కెంతో దిమ్మ లాగుతుంటే బయట మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తల ఎత్తి చూశాను.

వరస చివర వెంకయ్య నిలబడి ఉన్నాడు, గురవమ్మ మొగుడు. చేతిలో ఫోను ఉంది. చివరి మనిషికి ఆ ఫోను చూపించాడు. అతను చూసి పక్కకి జరిగాడు. వెంకయ్య తరవాతి మనిషి దగ్గరికి వచ్చి చూపించాడు. ఆ మనిషీ చూసి జరిగాడు. అలా ఒక్కొక్కరికీ చూపించుకుంటూ వస్తున్నాడు. చూపించమని ఎవరూ అడగలేదు. చూడనక్కర్లేదని కూడా ఎవరూ అనలేదు. పెంచలకృష్ణ ఫోను వైపు వంగి చూసి, అప్పుడు తువ్వాలు తీశాడు.

చివరికి నా ముందుకొచ్చాడు. "గురవమ్మ పోయిందమ్మా. తెల్లారగట్ల గుండె నొప్పన్నాది. పిల్ల చెన్నై నుంచి రావాల" అని ఫోను ముందుకి చాచాడు. "ఇంట్లో కరెంటు లేదు. మొహం సరిగ్గా పడలా. ఇంకోటి తీసుకోని రమ్మంటావా?"

నిన్న ముక్కల కోసం నాతో పోట్లాడిన మనిషి. నేను కావాలనే గుప్పెడు తక్కువ వేసిన మనిషి.

"లోపల పెట్టుకో నాయనా" అన్నాను.

"చూసినావా అక్కా" అన్నాడు గిరిబాబు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు. "బోర్డు పెట్టడం మంచిదయింది. ఇప్పుడైతే ఎవురూ మోసం చెయ్యలేరు."

కొక్కెం నా చేతిలోనే ఉంది. ఆ క్షణం వాడు బతికాడంటే ఆ బోర్డు దగ్గరగా ఉండబట్టే. కొక్కెం అట్టలో దించి మేకులతో సహా ఊడబెరికాను. అది వాడి కాళ్ళ దగ్గర పడింది.

"ఎత్తరా" అన్నాను.

"ఏంది, అట్టనా?"

"దిమ్మ. ఎక్కించు ఆటోలోకి. ఇంటిదాకా నువ్వే పోయి దించాల. మోసెయ్, నీ అత్త చావు మోసినావు గదా!"

వాడు చొక్కా తడిసేలా మోశాడు. పెంచలకృష్ణ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు, నా మొహం చూడకుండా. దిమ్మల మీద ఊక చల్లి గోతాలు కప్పించాను. పద, నేనూ వస్తున్నా అన్నాను. వెంకయ్య కదల్లేదు. ఫోను ఇంకా అలాగే పట్టుకొని ఉన్నాడు.

"నువ్వు చూడలా గదమ్మా."

"గురవమ్మ నాకు తెలీదా నాయనా? చూసేదేముండాది?"

"వద్దమ్మా. అందురూ చూసినారు, నువ్వూ చూడు. ఊరికే ఇచ్చినావని రేపు ఎవురూ ఆమెని ఒక మాట అనకూడదు."

ఆరిపోయిన తెర మీద వేలితో నొక్కి మళ్ళీ వెలిగించాడు. నా కళ్ళకి అందేలా పైకి పట్టుకున్నాడు. చూశాను. దవడ కింద నుంచి నడినెత్తి మీదికి గుడ్డతో బిగించి, నాతో రోజూ పోట్లాడే ఆ నోరు కట్టేసి ఉంది.

"చాలునా అమ్మా?" అన్నాడు వెంకయ్య.