మేకప్ కింద మచ్చ

దండెం మీద దుప్పటి ఆరేసి, ఆమె దాని వెనకే కాసేపు నిలబడిపోయింది. మేడ మీద నీడ అంటూ ఉన్నది ఆ తడి దుప్పటి వెనక మాత్రమే. ముఖానికి మేకప్ అంతా వేసుకుని, ఆ ముఖంతోనే బట్టల బకెట్ మోసుకుని పైకి రావడం ఆమెకు రోజూ ఉన్నదే. ముందు బట్టలు ఆరేసి తర్వాత మేకప్ వేసుకుంటే కంపెనీ వ్యాను వెళ్ళిపోతుంది. ముందు మేకప్ వేసుకుంటే చెమటకి సగం ఇక్కడే కరిగిపోతుంది. వ్యాను తప్పిపోతే ఇంట్లో అందరూ అడుగుతారు, మేకప్ కరిగితే ఎవరూ అడగరు. అందుకని మేకప్పే ముందు.

"రంగులు పూసుకోవడానికి ఎక్కడలేని తీరిక! నాలుగు బట్టలు ఆరేయడానికి ఇంతసేపా?" కింద నుంచి అత్తగారి గొంతు.

"వస్తున్నా అత్తయ్యా!"

ఎడమ బుగ్గ ఎముక మీద, ఫౌండేషన్ కింద, ఆ మచ్చ మళ్ళీ చురుక్కుమంది.

ఆమె పని ఇళ్ళు అమ్మే కంపెనీలో. కారు ఆగగానే నవ్వుతూ ఎదురెళ్ళాలి. ఇంకా గోడలు కూడా లేని స్థలంలోకి తీసుకెళ్ళి "ఇక్కడ మీ వంటగది, ఇక్కడ మీ కిటికీ" అంటూ ఖాళీలోకి చెయ్యి చూపించాలి. మేకప్ తప్పనిసరి. టోపీ పెట్టుకుంటే ముఖం కనపడదు, గొడుగు పట్టుకుంటే వెనకున్న బోర్డు కనపడదు, అందుకని రెండూ కుదరవు. ఒకసారి గొడుగు అడిగిన పాపానికి, పక్కన నిలబడే అమ్మాయికి సూపర్‌వైజరు "గొడుగు మహారాణి" అని పేరు పెట్టాడు. అతనికి వీళ్ళు పెట్టుకున్న పేరు "ఇస్త్రీ చొక్కా". ఏసీ గదిలోంచి బయటికి రాని మనిషి చొక్కా ఎందుకు నలుగుతుంది?

మచ్చ మొదట్లో ఆవగింజంత ఉండేది. మొటిమేమో అనుకుంది. మొటిమ అయితే పోవాలి కదా, ఇది పెరిగింది. అంచులు వంకరపోయాయి, నలుపులో ఇంకో నలుపు వచ్చింది. అది పెరిగినకొద్దీ ఆమె పైన ఇంకో పూత వేసింది. భర్త నిద్రలేవక ముందే మేకప్ వేసుకునేది, దీపం ఆర్పాకే తుడుచుకునేది. అన్నిటికన్నా మందంగా పూసుకున్న రోజున భర్త ఆమె వైపు తేరిపార చూసి, "ఇవాళ కళగా ఉన్నావే!" అన్నాడు. ఆ మాటకు ఆమె సంతోషపడింది కూడా. తర్వాత స్నానాలగదిలో తలుపు వేసుకుని అద్దంలో బుగ్గ చూసుకుంది. నాకేదో అవుతోంది, అది ఎవరికీ తెలియకుండా నేనే కాపలా కాస్తున్నాను అనుకుంది.

సన్‌స్క్రీన్ రాయదా అంటే, రాసేది. పెళ్ళయిన కొత్తలో అరచేతిలోకి ధారాళంగా పిండుకుంటే భర్త చూసి, "గోడకి సున్నం కొడుతున్నావా ఏంటి?" అన్నాడు. అత్తగారు ఆ మాటని వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించింది. ఆడపడుచు అయితే ఫోన్ చేసినప్పుడల్లా, "వదినా, ఇవాళ గోడకి సున్నం అయిందా?" అనేది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ వద్దనలేదు. ఊరికే నవ్వారంతే. అప్పటినుంచి ఆమె వేలి కొసకి అంటినంతే తీసుకోవడం మొదలుపెట్టింది. అది కూడా విడిగా రాసే తీరిక లేక, ఫౌండేషన్‌లో కలిపేసి ఒకేసారి పూసేసేది. మధ్యాహ్నం పైన పౌడర్ అద్దుకునేది. ఎండని ఆపుతుందని ఆ డబ్బా మీద రాసి ఉంది మరి.

ఆ రోజు ఒక పెద్దావిడకి ఇంకా కట్టని ఇంట్లో ఇంకా కట్టని పడకగదిని చూపిస్తుండగా, చెమట తుడుచుకోబోయి ఆమె రుమాలుతో బుగ్గని గట్టిగా ఒత్తింది.

"అయ్యో, రక్తం అమ్మా!" అంది పెద్దావిడ.

రుమాలు మీద ఫౌండేషన్ రంగు, దాని మధ్యలో ఎర్రగా.

ఇస్త్రీ చొక్కా అద్దాల తలుపు సగమే తెరిచి, "ముందు దాన్ని కప్పెయ్యి. వచ్చినవాళ్ళు ఇల్లు చూడాలా, నీ బుగ్గ చూడాలా?" అన్నాడు.

ఆమె బాత్రూమ్‌లోకి వెళ్ళి పౌడర్ అద్దింది. పౌడర్‌లోంచి రక్తం మళ్ళీ పైకి ఉబికింది. ఇంకా అద్దింది. అదీ తడిసింది. వెనకాలే వచ్చిన గొడుగు మహారాణి పౌడర్ డబ్బా లాక్కుంది.

"అక్కా, చాలు. డాక్టరు దగ్గరికి పద. నీకు కడుపునొప్పని వాడితో నేను చెప్తా."

"బుగ్గ కదా?"

"బుగ్గంటే కప్పుకోమంటాడు. కడుపంటే ఇంక మాట్లాడడు."

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గ మండింది.

చర్మ వ్యాధుల డాక్టరు నడివయసు స్త్రీ. దూది, నీళ్ళు ముందుకి జరిపి, "మొత్తం తుడిచెయ్యండి. నుదురు, మెడ, అంతా," అంది. ఎన్నాళ్ళుగానో పగటి వెలుతురులో ఇంకో మనిషి ముందు ఆమె ఉత్తి ముఖంతో కూర్చోలేదు. ఒక్కో దూది ముక్క గోధుమరంగులోకి మారుతుంటే, ఒక్కో బట్ట విప్పుతున్నంత సిగ్గేసింది.

డాక్టరు దీపం దగ్గరికి లాగి, భూతద్దంతో చాలాసేపు చూసింది.

"సన్‌స్క్రీన్ ఎంత రాస్తారు?"

ఆమె వేలి కొస చూపించింది.

"రెండు వేళ్ళ పొడవునా పిండుకుని, ముఖానికీ మెడకీ రాయాలమ్మా. ముందు అదొక్కటే రాసి, ఆరనిచ్చి, ఆ తర్వాతే మేకప్. దేంట్లోనూ కలపకూడదు. ఎండలో ఉంటే మధ్యమధ్యలో స్పాంజితో మేకప్ పైనే మళ్ళీ అద్దుకోవాలి. పౌడర్ ఒక్కటీ సరిపోదు. టోపీ, నీడ ఎలాగూ ఉండాల్సిందే. ఇంత కొంచెం రాయమని ఎవరు చెప్పారు మీకు?"

ఎవరు చెప్పారు? ఆమె ఆలోచించింది. ఎవరూ చెప్పలేదు. నవ్వారు.

"ఇది ఏమిటో చూసి చెప్పలేను," అంది డాక్టరు. "భయపడాల్సింది కాకపోవచ్చు, కావచ్చు కూడా. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇవాళే తీస్తే మంచిది. కుట్టు పడుతుంది, గీత మిగులుతుంది. ఇంట్లో అడిగి రండి."

వరండాలోకి వచ్చి భర్తకి ఫోన్ చేసింది. అన్నీ చెప్పింది, ఇన్నాళ్ళూ దాచానని కూడా చెప్పింది.

అతను, "ముఖం మీద కత్తి పెట్టించుకుంటావా? పిచ్చా నీకు? గీత పడితే ఆ కంపెనీ గేటు ముందు ఎవరు నిలబడనిస్తారు నిన్ను? అయినా ప్రతిదానికీ హడలిపోతావు నువ్వు. ఇంటికి వచ్చెయ్. సాయంత్రం అమ్మని అడిగి చూద్దాం," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె బెంచీ మీద కూర్చుంది. హడలిపోయేదే. అత్తగారు మెట్లెక్కే చప్పుడుకి హడలింది. వ్యాను హారన్‌కి హడలింది. అందరూ నవ్వితే హడలి, రాసుకోవాల్సింది రాసుకోవడం మానేసింది. అన్ని భయాల మధ్యా ఈ ఒక్క దానికే, తన ఒంటి కోసం పడాల్సిన భయానికే, ఇన్నాళ్ళూ వంతు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

"ఏమన్నారు ఇంట్లో?" అడిగింది డాక్టరు.

"గీత పడుతుందని భయపడుతున్నారు డాక్టరుగారూ." కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ బుగ్గని దీపం వైపు తిప్పింది. "నాకు వాళ్ళకంటే చాలా ఎక్కువ భయంగా ఉంది. తీసెయ్యండి."