ఎలాగూ వచ్చే పిల్ల

కింద అమ్మ బట్టలు కుట్టే గదిలో మంటలు లేచినప్పుడు మేడమీద చెల్లెలూ నేనూ కునుకు తీస్తున్నాం. కళ్లు తెరిచేసరికి గది నిండా పొగ. వీధిలోంచి అమ్మ గొంతు చించుకుని అరుస్తోంది.

"బుజ్జీ! బుజ్జితల్లీ, బయటికి రావే!"

బుజ్జి అంటే చెల్లెలు. నేను పెద్దదాన్ని. 'పెద్దదానా' అన్న పిలుపు కోసం చెవులు రిక్కించాను. వినబడలేదు.

సొమ్మసిల్లిన చెల్లెల్ని భుజాన వేసుకుని మెట్లు దిగి, కాలుతున్న వీధి తలుపును ఉత్త చేతులతో తోసి బయటపడ్డాను. అమ్మ బుజ్జిని లాక్కుని నిలువెల్లా తడిమి చూసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇస్త్రీపెట్టె ఆపమన్నాను కదే, ఆపావా?"

ఆ మాట నాతో అననే లేదు. బుజ్జి గౌను ఇస్త్రీ చేస్తూ మరిచిపోయింది అమ్మే. నాకు ఒళ్లు మండింది. చేతులు అప్పటికే మండుతున్నాయి.

ఇప్పుడు ఆసుపత్రిలో నా రెండు చేతులకూ కట్లు. అమ్మ చెంచాతో పాలు పట్టబోతే నేను నోరు తెరవలేదు.

"పిలవలేదనే కదా కోపం? నువ్వు ఎలాగూ వస్తావనుకున్నానే! చిన్నప్పటినుంచీ నిన్ను పిలవాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది చెప్పు?"

గోడవైపు తిరిగిపోయాను.

"పెద్దదానా! నా తల్లీ, ఇటు చూడవే. పెద్దదానా!"

నోరారా పిలుస్తోంది. ఇలా పిలిపించుకోవడానికి ఇల్లు తగలబడాల్సి వచ్చింది. పలకకూడదని పళ్లు బిగబట్టాను. ఇంకాసేపు పిలవనీ.

పక్క మంచంమీద బుజ్జి దగ్గింది. అమ్మ పిలుపు సగంలోనే తెగిపోయింది.

అమ్మకంటే ముందు, ఎవరూ పిలవకుండానే, నేను లేచి కూర్చున్నాను.