ఒక లాటుకు మూడు చీటీలు

నల్లపాడు రోడ్డు మీదున్న ఆ కోల్డ్ స్టోరేజీని రైతులంతా ఏసీ అనే అంటారు. మిరపకాయలు ఏసీలో వేశామంటే ఆ ఏటికి సగం బరువు దిగినట్టే లెక్క. రెండు వేల రెండు జూన్‌లో ఆ ఏసీ ఆఫీసుకి కంప్యూటరూ ప్రింటరూ వచ్చాయి. వాటి వెనకే లిడియా కూడా వచ్చింది. సత్తెనపల్లిలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల, నల్లపాడులో పిన్ని ఇంట్లో ఉంటూ రోజూ నడిచి పనికి వచ్చేది. అక్కడ ఉద్యోగం ఉందని కబురు చెప్పింది హమాలీల మేస్త్రీ బుల్లయ్య. పిన్నీ వాళ్లదీ బుల్లయ్యదీ ఒకే చర్చి.

అంతకుముందు అక్కడ చీటీలు రాసింది పిచ్చయ్య అనే గుమాస్తా. రైతు వచ్చి నా సరుకులోంచి ఇన్ని టిక్కీలు బయటికి తీయించండి అంటే, పిచ్చయ్య చీటీ రాసి కిటికీలోంచి గొంతెత్తి చదివేవాడు. లాటు నంబరు ఫలానా, టిక్కీలు ఇరవై అని. ఒక రైతు సరుకంతా ఒక లాటు, అందులో ఒక్కో బస్తా ఒక టిక్కీ. అరుగు మీద నుంచి బుల్లయ్య అదే మాట తిరిగి పలికేవాడు. అలా పలికాకే ఛాంబర్ తలుపు తీసేవాళ్లు. బుల్లయ్యకి అంకెలు తప్ప చదువు రాదు. అయినా పద్దెనిమిదేళ్లలో అతని చేతి మీదుగా ఒక్క బస్తా తేడా రాలేదు.

పిచ్చయ్య మానేశాక మేనేజర్ ప్రేమ్‌చంద్ ఆ కేకలు వద్దన్నాడు. "ఇంత ఖరీదు పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నది అరుచుకోవడానికా? ప్రింటరు శబ్దం రాగానే వచ్చి చీటీ తీసుకెళ్లు బుల్లయ్యా, అంతే" అన్నాడు.

జూన్‌లోనే ఒక మంగళవారం పొద్దున విజయవాడ నుంచి ఇంజనీరు వచ్చి ప్రింటరుని సాఫ్ట్‌వేర్‌కి కలిపాడు. ఒక కాగితం మీద అక్షరాలన్నీ వరసగా కొట్టి చూపించి, సంతకం పెట్టించుకుని, పదకొండు గంటల బస్సుకి వెళ్లిపోయాడు. అతను గేటు దాటి అరగంట కాలేదు, సత్తెనపల్లి వైపు నుంచి వెంకటరావమ్మ అనే రైతు దిగింది. ఏసీలో ఆమెవి అరవై టిక్కీలున్నాయి.

"ఇరవై తీయించమ్మాయ్. మిర్చి యార్డులో కొనేవాడు కాచుకునున్నాడు. మిగతా నలభై దసరా పోయిందాకా కదిపేది లేదు" అంది కిటికీ దగ్గర నిలబడి.

లిడియా లాటు నంబరు కొట్టింది. ఇరవై అని కొట్టింది. ప్రింట్ అని నొక్కింది. ప్రింటరు ఉలకలేదు.

మళ్లీ నొక్కింది. లాభం లేదు.

"ఏందమ్మాయ్, నీ మిషను ఇంకా నిద్ర లేవలేదా? మా పిచ్చయ్యగారైతే ఈపాటికి నాలుగు చీటీలు రాసి రెండు చుట్టలు కాల్చేవాడు" అంది వెంకటరావమ్మ. వెనకున్న ఇద్దరు రైతులు నవ్వారు.

లిడియా చెవులు వేడెక్కాయి. మూడోసారి నొక్కింది. అప్పుడు లేచి ప్రింటరు వెనక్కి వంగి చూస్తే, లావుపాటి వైరు ఒక పక్కన ఊడి వేలాడుతోంది. ఇంజనీరు దాని క్లిప్పులు బిగించనే లేదు. నొక్కి బిగించగానే ప్రింటరు కర్రుమంటూ కదిలింది. ఒక చీటీ కొట్టి, రెండోది మొదలుపెట్టబోతూ కాగితం పక్కకి పోయి ఆగిపోయింది. లిడియా వచ్చిన చీటీ చింపి వెంకటరావమ్మ చేతికిచ్చింది. ఆమె దాన్ని బుల్లయ్యకిచ్చింది. ఇరవై టిక్కీలు ఆటో ఎక్కాయి. వెంకటరావమ్మ డ్రైవరు పక్కన కూర్చుని యార్డుకి వెళ్లిపోయింది.

లిడియా కాగితం అంచు చిల్లుల్ని ప్రింటరు పళ్లకి తగిలించి సరిచేసింది. అంతలో ఫోను మోగింది. ఓనరు ఇంటి దగ్గరున్న ప్రేమ్‌చంద్, ఏ ఛాంబర్లో ఎన్ని బస్తాలున్నాయో ఒక్కొక్కటీ చదివి చెప్పమన్నాడు. రిసీవరు భుజానికి నొక్కిపెట్టుకుని ఆమె అంకెలు చెబుతూ ఉంది. పక్కన ప్రింటరు మళ్లీ కర్రుమంది. ఆమె పట్టించుకోలేదు.

బుల్లయ్య వచ్చి కిటికీలోంచి కాగితాలు తీసుకున్నాడు. వాటిని అటూ ఇటూ తిప్పాడు. "అమ్మాయ్, ఇంకో రెండొచ్చినై. ఇయ్యి కూడా దించమంటావా?"

రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, తల తిప్పకుండానే లిడియా అంది. "మిషన్లో వచ్చింది కదా మామయ్యా. దానికి తప్పెందుకు వస్తది? దించేయండి."

బుల్లయ్య వెళ్లి నలభై టిక్కీలు దించాడు. ఆ సాయంత్రం జల్లు పడింది. చల్లటి గదిలోంచి ఉక్కలోకి వచ్చిన కాయలకి చెమ్మ పడితే ఎంత చేటో ఆ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎవరైనా వచ్చి తీసుకెళ్తారని టిక్కీలు రాత్రంతా అరుగు మీదే ఉన్నాయి. తెల్లారేసరికి గోతాలు తడిగా ఉన్నాయి. విప్పి చూస్తే ఎర్రటి కాయలు అక్కడక్కడా తెల్లబడటం మొదలైంది. అవి మళ్లీ ఛాంబర్లోకి పోయే సరుకు కాదు.

కబురందుకుని వెంకటరావమ్మ తొమ్మిదింటికల్లా వచ్చింది. తిట్టలేదు. ఒక గోతాంలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, ప్రేమ్‌చంద్ బల్ల మీద పెట్టింది. "ఏవయ్యా మేనేజరూ, నేను దసరా దాకా అన్నాను. ఎవరు తీయమన్నారు ఇయ్యి?"

ఆమె నష్టం ఏసీ వాళ్లే పెట్టుకుంటామన్నాక కూర్చుంది. కానీ ఓనరుకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ప్రేమ్‌చంద్ కమ్మీకి గుచ్చిన చీటీలు లాగి చూశాడు. మూడు చీటీలు. మూడింటి మీదా ఒకే పేరు, ఒకే లాటు, ఇరవై.

"లిడియా, నువ్వు ఈమెకి ఎన్ని చీటీలిచ్చావు?"

"ఒకటే ఇచ్చాను సార్."

అది అబద్ధం కాదు. చేత్తో ఆమె ఇచ్చింది ఒకటే. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే బుల్లయ్య తన వైపు చూశాడని ఆమెకి తెలిసింది. చూపు తిప్పకపోయినా తెలిసింది. ఆమె కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"మరి మిగతా రెండూ ఎక్కడివయ్యా? ఒకే నంబరు మూడుసార్లు ఉంటే కనపడదా నీకు?"

బుల్లయ్య లిడియా కోసం ఆగాడు. తర్వాత భుజం మీది తువాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. "నేనే చూసుకోలేదేమోనండి" అన్నాడు.

పన్నెండింటికి బుల్లయ్యని పనిలోంచి తీసేశారు. హమాలీల్లో ఒకడైన గౌస్ బాషాని మేస్త్రీ చేశారు.

ఆ మధ్యాహ్నమే, ఇంకో రైతు చీటీకి ప్రింటరు మొరాయించినప్పుడు, తెర మూలన చిన్న ప్రింటరు బొమ్మ ఉండటం లిడియా గమనించింది. దాని మీద నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంది. నొక్కిన ప్రతిసారీ ఒక చీటీ అందులో చేరి, వంతు కోసం కూర్చుని ఉంది. మిషను ఏదీ మర్చిపోలేదు. నిన్న తను మూడుసార్లు నొక్కింది, అది మూడు చీటీలు కొట్టింది. అంతకుమించి ఏమీ లేదు.

అప్పుడు లేచి పక్క గదిలోకి వెళితే సరిపోయేది. ప్రేమ్‌చంద్ అన్నం తింటున్నాడు, తిన్నాక చెబుదామనుకుంది. తిన్నాక ఆయన బయటికి వెళ్లాడు. మర్నాడు ఓనరు వచ్చాడు. ఆ మర్నాడు, ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగితే ఏం చెప్పాలా అని ఆగింది. అప్పటికి గడిచింది రెండే రోజులు. రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదవుతూ వచ్చింది. ఆదివారం తలనొప్పని పిన్నికి చెప్పి చర్చికి వెళ్లలేదు.

తర్వాతి ఆదివారం పిన్ని ఊరుకోలేదు. ప్రార్థన అయ్యాక చెప్పుల దగ్గర బుల్లయ్య భార్య ఎలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నువ్వు ఆ పూట అక్కడే ఉన్నావుగా. ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పు. మీ మామయ్య ఏదో అయిపోతున్నాడు. గేటు గొళ్లెం పెట్టానా లేదా అని మూడుసార్లు లేస్తాడు. కొట్టుకెళ్లి చిల్లర నన్ను లెక్కపెట్టమంటాడు. నా బుర్ర పనిచేయట్లేదే ఎలీసమ్మా అంటాడు."

లిడియా ఆమె వెంట ఇంటికి వెళ్లింది. బుల్లయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"మామయ్యా, ఆ రెండు చీటీలూ నా వల్ల వచ్చినై. వైరు ఊడిందని తెలియక మూడుసార్లు నొక్కాను. మీరు వచ్చి అడిగారు. దించేయమన్నది నేనే."

"అడిగానా?" అన్నాడు బుల్లయ్య.

"అడిగారు."

"కిటికీ దగ్గర నిలబడి, ఇయ్యి కూడా దించమంటావా అని?"

"అవును మామయ్యా."

అతను ఎలీసమ్మ వైపు తిరిగాడు. "విన్నావా? అడిగాను." అతని మొహంలో ఒక వెలుగు వచ్చింది. దాన్ని చూసి లిడియాకి మరీ కష్టమైంది. "నాకు అడిగినట్టే గుర్తు అమ్మాయ్. కానీ ఆరోజు నువ్వు తలెత్తలేదు. చదువుకున్న పిల్ల, మన చర్చి పిల్ల, ఉన్న మాట చెప్పకుండా ఉండదు కదా, నేను అడగలేదేమో, అడిగాననుకుంటున్నానేమో అనుకున్నాను. ఇన్ని రోజులుగా అదే నలుగుతోంది నాలో."

కోడి ఒకటి మంచం కిందికి వచ్చింది. అతను దాన్ని అదిలించాడు. తిరిగి చూసేసరికి ఆ వెలుగు లేదు.

"నీకెప్పుడు తెలిసింది ఇది?"

ఇంకో మాట చెబితే అతను నమ్ముతాడు. నిన్ననే అంటే చాలు.

"మిమ్మల్ని తీసేసిన రోజే. మధ్యాహ్నం."

"పదకొండు రోజులు" అన్నాడు బుల్లయ్య. గొంతు పెంచలేదు. "సరే. వెళ్లి వాళ్లకి చెప్పు. నేను నీతో రాను."

సోమవారం ప్రేమ్‌చంద్ రాగానే లిడియా చెప్పింది. ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "సాఫ్ట్‌వేర్ వస్తే పొరపాట్లే ఉండవని ఓనరుగారికి నేను మాటిచ్చాను. ఇప్పుడు ఇది పైకి చెబితే నీ ఉద్యోగం, నా మాట రెండూ పోతాయి. బాషా బానే చేస్తున్నాడు కదా. వదిలెయ్."

ఆమె సీటులోకి వచ్చింది. కిటికీ బయట గౌస్ బాషా, నలుగురు హమాలీలు టీ తాగుతున్నారు. "బాషాగారూ, ఒకసారి ఇటు రండి" అంది. వాళ్లు చూస్తుండగానే వైరు ఊడదీసింది. ఏ లాటూ కాని ఒక ఉత్త నంబరు కొట్టి మూడుసార్లు నొక్కింది. మళ్లీ వైరు బిగించింది. ప్రింటరు ఆగకుండా మూడు చీటీలు కొట్టింది. ప్రేమ్‌చంద్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

గౌస్ బాషా ఆ కాగితాల్ని వేలితో తాకాడు. "అయితే బుల్లయ్య మేస్త్రీ చేసిందేం లేదన్నమాట."

"లేదు. నొక్కింది నేను. దించమన్నదీ నేనే."

"ఆ మాట ఆ రోజే చెప్పుండాల్సిందమ్మా" అన్నాడతను. టీ గ్లాసు కిటికీ మీద పెట్టి, లోపల మేనేజరు వైపు చూస్తూ, "మేస్త్రీని నేను పిలుచుకొస్తాను సార్. నా పాత పని నాకు చాలు" అన్నాడు. మిగతా నలుగురూ పనిలోకి కదల్లేదు. ప్రేమ్‌చంద్‌కి సరే అనక తప్పలేదు.

లిడియా ఉద్యోగం పోలేదు. ఆ మిషను తెలిసిన మనిషి ఇంకొకరు లేరు గనక ఉంచారు. ఓనరు ఫోనులో నవ్వి, ఇంజనీరుని తిట్టి ఊరుకున్నాడట. పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషిని ఒక్క పూటలో తీసేసిన చోట, తనని పావుగంట కూడా ఎవరూ కేకలేయలేదు.

బుల్లయ్య బుధవారం వచ్చాడు. కిటికీ వైపు చూడకుండా అరుగెక్కాడు. ప్రింటరు మొదటి చీటీ కొట్టాక లిడియా లేచి నిలబడి ఎదురుచూసింది. వచ్చింది గౌస్ బాషా.

"ఒకటేనా అని అడగమన్నాడు మేస్త్రీ."

"ఒకటే" అంది లిడియా, అరుగు దాకా వినపడేట్టు.

ఆ రోజు పదకొండు లాట్లు దించారు. పదకొండుసార్లూ బాషానే వచ్చి అడిగాడు. ఆమె ప్రతిసారీ లేచి నిలబడి చెప్పింది.