ముందే పలికే ఫిడేలు

ధర్మవరంలో సంజీవప్ప కచేరికి బయలుదేరే ముందు ఫిడేలు తీగల మీద ఒకసారి కమాను లాగేవాడు. సాయంత్రం తిరిగొస్తే పెండ్లాం సిద్ధమ్మ ఏమంటుందో ఫిడేలు అప్పుడే పలికేది. "వచ్చినావా? కాళ్లు కడుక్కో."

సిద్ధమ్మ పట్టుకండెలు చుడుతూనే, "విన్యాలే, పో. బస్సు పోతాది" అనేది.

పక్కవాద్యమంటే పాడేవాళ్ల వెనకాల పోవల్ల. ఈ ఫిడేలు ముందు పోయేది. పెనుకొండలో శ్రీరామనవమి పందిట్లో ఒక గాయకుడు మధ్యలోనే ఆపి, "ఏమప్పా, పాడేది నేనా, నీ ఫిడేలా?" అన్నాడు. జనం నవ్వినారు. ఆ తర్వాత పెద్దోళ్లెవరూ పిలవలేదు. భజనలు, పెండ్లిండ్లు మిగిలినాయి.

డెబ్బయ్యెనిమిదిలో హిందూపురం నుంచి కబురొచ్చింది. బెంగళూరు విద్వాంసుడొకాయన, "ముందు పోతే పోనీ, నేనే దాని వెంబడి పోతా. ఆయప్పనే రమ్మను" అన్నాడంట. రేడియోవాళ్లు కూడా వస్తారంట. రేడియోలో వాయించల్లని సంజీవప్పకు చిన్నప్పటి నుంచి ఆశ. సిద్ధమ్మకు జ్వరమున్నా లేచి ఆయన పంచె ఉతికి ఆరేసింది.

పొద్దున ఆమె కొళాయి కాడికి పోయినప్పుడు సంజీవప్ప కమాను లాగినాడు. మాట రాలేదు. మళ్లీ లాగినాడు. ఉత్త గీసుకున్న చప్పుడే.

సాయంత్రానికి సిద్ధమ్మ నోట మాటుండదు, అనుకున్నాడు. పెట్టె మూసి గోడకు ఆనుకోని కూచున్నాడు.

సిద్ధమ్మ బిందె దించి దగ్గింది. "ఏమయ్యా, ఇంకా ఈడే ఉండావు?"

"నేను పోను."

"భయమా?"

"ఆ... భయమే."

ఆమెకేమీ కాలేదు. సాయంత్రం సంగటి కెలికింది. కొన్ని దినాలకు దగ్గూ పోయింది. ఇంట్లోనే ఉన్నవాణ్ణి వచ్చినావా అని ఎవరడుగుతారు? ఫిడేలు అబద్ధం చెప్పలేదు. అది సంజీవప్పకు తెలిసేటప్పటికి కచేరి వేరేవాళ్లతో అయిపోయింది. ఊరంతా పిరికోడన్నారు. ఇంక పిలిచేవాళ్లు లేక ఆయన ఇంట్లోనే మగ్గం గుంతలోకి దిగినాడు.

ఎనభై నాలుగులో మంచం పట్టినాక చెప్పినాడు. "ఆపొద్దు నువ్వు చచ్చిపోతావనుకుంటి."

సిద్ధమ్మ మంచం పక్కన కూచునింది. "నాకొక మాట చెప్పింటే నేనూ నీతో బస్సెక్కుతాంటి కదయ్యా. ఇన్నేండ్లూ నిన్ను పిరికోడనే అనుకున్యా."

ఆయన పోయినాక, వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయిన సాయంత్రం, సిద్ధమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గడప కాడ పెట్టింది. ఎన్నో ఏండ్లుగా అనే పని పడని మాట నోట్లోంచి వచ్చింది.

"వచ్చినావా? కాళ్లు కడుక్కో."

గోడకున్న ఫిడేలు, కమాను పట్టేవాళ్లు లేకున్నా, ఆ మాటే పలికింది. ఈసారి ముందు పోలేదు. ఆమె అన్నాక, ఆమె వెనకాలే, మెల్లగా పలికింది.