సాదా మూల

మా వదిన, అంటే మా ఆయన అక్క, కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎవరి బొంతైనా ఆవిడకు దిద్దుకునే పలకే. దిద్దడానికి పరాయివాళ్ళ బొంతలు, దాచుకోవడానికి తన బొంతలు. ఆవిడ మంచం మీది బొంతకు ఇప్పటికీ నాలుగు నిలువు కుట్లే.

"చెయ్యి తిరక్కుండా కొత్త డిజైను సొంతదాని మీద వేస్తే పాడైపోదూ?" అంటుంది. నిజమే. పరాయివాళ్ళది పాడైతే దాని పేరు కళ.

పక్కింటి టీచరుగారి బొంత మీద నెమలి ఈకలు నేర్చుకుంది. వంకాయలు కాశాయి. "తోటలో పడుకున్నట్టుందండీ," అన్నారు టీచరుగారు, మర్యాదస్తురాలు పాపం. మా ఆయన బొంత మీద అలలు నేర్చుకుంది. దారం బిగిసి బొంత ముడుచుకుపోయింది. దాంతోపాటు ఆయనా కాళ్ళు ముడుచుకోవడం నేర్చుకున్నారు.

ఇక మా పాప వంతు.

పాపకు ఒక పాత దుప్పటి ఉంది. దాని ఒక మూలను చెంపకు రాసుకుంటే తప్ప కన్ను మూయదు. అది చిరిగిపోతోంటే, దాన్నే పైపొరగా పెట్టి బొంత కుడతానంది వదిన. ఆ మూల మీద కుట్టుపడి గరుకైతే పిల్లకూ నాకూ మాత్రమే కాదు, వీధి మొత్తానికే నిద్ర ఉండదు.

"వదినా, ఆ మూల మాత్రం సాదాగా వదిలెయ్యండి."

"నాకు చెప్పాలా అమ్మాయ్? నేను చూసుకోనూ?"

ఆవిడ చూసుకున్న బొంతలన్నీ కళ్ళముందు మెదిలాయి. అందుకే ఆవిడ అటు వెళ్ళగానే సుద్దముక్కతో ఆ మూల మీద 'వద్దు' అని రాశాను. నా చదువు ఎనిమిదితో ఆగింది. చేతిరాత అంతకు చాలా ముందే ఆగింది. ఒత్తు చుట్టలు చుట్టుకుంది, కొమ్ము ఎటో సాగిపోయింది.

మర్నాడు మిషను దగ్గర్నుంచి కేక.

"ఏమే, ఇంత పనితనం దాచుకున్నావా! నువ్వు గీసిన తీగ భలే కుదిరిందే!"

పరుగెత్తాను. ఆవిడ బొంతను తలకిందులుగా పెట్టుకుంది. నా 'వద్దు' అటునుంచి మొగ్గల తీగలా కనిపించిందట. నీలం దారంతో బొంతంతా అల్లేసింది. ఇటు తిప్పి చూస్తే వద్దు, వద్దు, వద్దు.

గబగబా మూల వెతికాను. సుద్దగీతలు అలాగే ఉన్నాయి. ఒక్క కుట్టూ లేదు.

"ఇక్కడ కుట్టలేదేం వదినా?"

"దాని మీద కుట్టేస్తే చూసి వెయ్యడానికి నమూనా ఏదే, పిచ్చిమొహమా!"

కాపురానికి వచ్చాక ఈ ఇంట్లో నా మాట చెల్లడం అదే మొదలు. చెల్లిందని చెల్లించినవాళ్ళకే తెలియదు, అది వేరే సంగతి.

పాప మూలను చెంపకు రాసుకుని నిద్రపోయింది. సుద్ద చెంపంతా అంటింది. తుడవడానికి ధైర్యం చాల్లేదు.

వదిన గుమ్మంలో నిలబడి గుసగుసలాడింది. "నా స్నేహితురాలి కూతురికి కొత్తగా పెళ్ళయిందే. ఇద్దరికీ సరిపడా పెద్ద బొంత అడిగారు. నిండా ఈ తీగే పాకిస్తా!"

చెప్పేద్దామని నోరు తెరిచాను. పాప కదిలింది. నోరు మూసుకున్నాను.

కొత్త జంట. తల ఎటు పెట్టుకుంటారో, వాళ్ళ అదృష్టం.