ఐదు ఇనుప అక్షరాలు

బేకరీ మూసేస్తున్నారన్న మాట వీధిలో పొక్కేసరికి, అయ్యో అన్నవాళ్లు కొందరు, ఇక పొద్దున్నే ఆ వాసనకి మెలకువ రాదే అన్నవాళ్లు కొందరు. బేకరీ ఆయన మాత్రం పొయ్యిలోంచి బూడిద ఎత్తుతున్నాడు. ఇన్నేళ్ల పిండి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరిందనీ, ఇంకా ఆ పనిలోనే ఉంటే నాలుగు మెట్లెక్కడం కూడా గగనమవుతుందనీ డాక్టరు తేల్చేశాడు. రెండో మాట లేదు.

ఆయన భార్యకి ఇంగ్లీషు అబ్బిందంటే అది ఆ బేకరీ పుణ్యమే. రొట్టెలు చుట్టడానికి పాత ఇంగ్లీషు పేపర్లు కట్టలుకట్టలుగా వచ్చేవి. వాటిలో ఓ మూల, తారుమారు చేసిన అక్షరాలిచ్చి మాట కట్టమనే ఆట ఉండేది. పొయ్యిలో రొట్టె పొంగేలోపు ఆవిడ దాని అంతు చూసేది. అవే అక్షరాల్లో రెండో మాట కూడా దొరికిందా, ఆ పూట ఆవిడ కాళ్లు నేల మీద నిలిచేవి కావు. ఇంగ్లీషు 'టీ'లో ఉన్న మూడక్షరాలే అటు తిప్పితే 'ఈట్', ఇటు తిప్పితే 'ఏట్'. తాగేదీ తినేదీ తినేసిందీ ఒకే గిన్నెలో ఉన్నాయండీ అని భర్తకి చెబితే, "రొట్టె మాడుతోంది, ముందు అది చూడు" అనేవాడు.

దుకాణాన్ని ఆవిడ తమ్ముడు తీసుకుంటున్నాడు. అతనిది సెలూన్. ఇన్నాళ్లూ ఇరుకు సందులో ఒక్క కుర్చీతో నెట్టుకొచ్చాడు. మంచి చోటు దొరికిందన్న సంతోషం ఉన్నా, పైకి చూపించడానికి మొహం చెల్లడం లేదు.

"బావ పొయ్యి ఆర్పి నా కుర్చీ వేసుకుంటున్నట్టుందక్కా."

"పొయ్యి ఆర్పింది డాక్టరు. నువ్వు కాదులే" అందావిడ.

మర్నాడు వెల్డర్ వచ్చి దుకాణం నుదుటి మీదున్న ఇనుప అక్షరాలు దించాడు. మోకాలెత్తు అక్షరాలు. బేకరీ ఆయన తండ్రి రేకు తెచ్చి తన చేత్తో కోసినవి. ఐదూ కలిసి ఇంగ్లీషులో 'బ్రెడ్'. వాటినేం చేయాలని వెల్డర్ అడిగితే, బేకరీ ఆయన వాటివైపు చూడకుండానే, "పాత ఇనుములో వేసెయ్యి" అని లోపలికెళ్లిపోయాడు.

వెల్డర్ వాటిని ఎలా పడితే అలా నేల మీద పడేసి భోజనానికి వెళ్లాడు. ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. డీ, ఏ, ఆర్, బీ, ఈ. చీపురు గోడకి ఆనించింది. చెయ్యి ఊరుకోదు కదా. బీని ముందుకు లాగింది. దాని పక్కకి ఈ, తర్వాత ఏ. ఇనుము గచ్చు మీద కీచుమంది. ఆర్, డీ వచ్చి చేరాక ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బియర్డ్. గడ్డం.

కబురందుకుని తమ్ముడొచ్చి చూశాడు. ఓ పక్కనుంచి చూసి, రెండో పక్కకెళ్లి మళ్లీ చూశాడు. "ఒక్కటీ కొత్తగా చేయించక్కర్లేదా?" అన్నాడు. మళ్లీ తనే, "బావ ఒప్పుకోడు" అన్నాడు.

ఒప్పుకోలేదు. "నా రొట్టె పీకి వాడికి గడ్డం అతికిస్తావా?" అన్నాడు బేకరీ ఆయన, దుకాణం వెనక గదిలో అన్నం ముందునుంచి లేస్తూ. ఆవిడ బతిమాలలేదు. ఆయన కోపం పాలపొంగు అని ఆవిడకి తెలుసు. అక్షరాలు ఎక్కడివక్కడ వదిలేసి పనిలో పడింది.

కాసేపటికి దుకాణంలోంచి కీచుమన్న చప్పుడు. తలుపు దగ్గరికెళ్లి చూస్తే, ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర డీ, ఈ, బీ, ఏ, ఆర్.

"ఇది మాటేనా?" అన్నాడు తలెత్తకుండా.

"డిబార్. మాటే."

"పరీక్షల్లో కాపీ కొడితే చేస్తారే, ఆ డిబారా?"

"ఆ డిబారే. ఇంక రావద్దని తలుపేసెయ్యడం."

ఆయన ఆ అక్షరాల్ని చాలాసేపు చూశాడు. "అయితే డాక్టరు నన్ను పిండి నుంచి డిబార్ చేశాడన్నమాట. మా నాన్న అది కూడా ముందే కోసి పెట్టాడు" అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వుతో దగ్గొచ్చింది. ఆవిడ మంచినీళ్లిచ్చి పక్కనే చతికిలబడింది.

"ఇంకేమున్నాయి ఇందులో?"

"డీ తీసేస్తే ఎలుగుబంటి ఉంది. బేర్."

"ఇన్నాళ్లూ మా కొట్టు నెత్తి మీద ఎలుగుబంటి కూర్చుందా!"

బీ తీసేసి 'రీడ్' అన్నారు. దాన్నే తిప్పి 'డియర్' అన్నారు. దాని అర్థం చెప్పమంటే ఆవిడ, "నాకు తెలీదు, గుర్తులేదు" అంది. ఆయనకి తెలుసు. ఆయనా చెప్పలేదు. పొద్దు వాలేదాకా ఆ ఇనుమంతా అటూ ఇటూ జరుపుతూనే ఉన్నారు. చివరికి ఆయనే లేచి, చేతికంటిన తుప్పు దులుపుకుని, "గడ్డమే పెట్టమను. మా నాన్న కోసినవి ఎక్కడికీ పోలేదుగా, చోటు మారాయంతే" అన్నాడు.

బిగించే రోజున వెల్డర్ నిచ్చెనెక్కి చకచకా పని కానిచ్చేశాడు. తమ్ముడు కింద నిలబడి మెడ నొప్పెట్టేలా చూస్తున్నాడు కానీ, ఏదో తేడాగా ఉందని తప్ప ఏం తేడానో తెలియలేదు. రోడ్డవతలి అరుగు మీదనుంచి బేకరీ ఆయన కేకేశాడు.

"ఏయ్, ఆగు. ఈ వెళ్లి బీ పక్కన కూర్చోవాలి."

"ఐదూ ఉన్నాయిగా బాబూ" అన్నాడు వెల్డర్.

"ఐదూ ఉంటే సరిపోతుందా? ఇప్పుడున్న మాటేమిటో మా ఆవిణ్ణడుగు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "బేర్డ్. అంటే, ఒంటి మీద గుడ్డ తీసేశారని."

ఎదురింటి టైలరమ్మ నవ్వాపుకోలేక కిటికీ మూసేసుకుంది. వెల్డర్ గొణుక్కుంటూనే ఈ ఊడదీశాడు. ఈసారి ఒక్కో అక్షరానికీ బేకరీ ఆయన వైపు తిరిగి, ఆయన తలూపాకే బిగించాడు.

సెలూన్ తెరిచిన మొదటి రోజు, పాత అలవాటున సంచీ పట్టుకొచ్చిన ముసలాయనొకడు బోర్డు సగం చదివి లోపలికొచ్చేశాడు. "రొట్టె లేదు తాతా, గడ్డం గీస్తాను కూర్చో" అన్నాడు తమ్ముడు. వచ్చినవాణ్ణి ఊరికే పంపడమెందుకని ఆయనా కూర్చున్నాడు.

మధ్యాహ్నం భార్యాభర్తలు ఇంటికి బయల్దేరారు. డాక్టరు నెమ్మదిగా నడవమన్నాడు కదా అని ఆవిడ అడుగులు చిన్నవి చేసింది. చెప్పుల కొట్టు ముందుకొచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. ఆయాసమేమోనని ఆవిడ గబుక్కున చెయ్యి పట్టుకుంది. ఆయన చూపు బోర్డు మీదుంది. ఇంగ్లీషులో 'షూ' అనే నాలుగక్షరాలు.

"దీన్లో ఏముంది?" అన్నాడు.

"నేను చెప్పను. మీరే చూడండి."

ఆయన పెదవులు కదుపుతూ, వేలితో గాల్లో అక్షరాలు జరుపుతూ నిలబడ్డాడు. చెప్పుల కొట్టువాడు, ఏం కావాలండీ అని బయటికొచ్చాడు.

"తోటకి నీళ్లు పెట్టే గొట్టాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అనడిగాడు భార్యని.

"హోస్."

"అయితే అది" అని, పక్క కొట్టు బోర్డు వైపు నడిచాడు.