తోస్తే పెరిగిన ఏవరేజ్

మా అబ్బాయి సిద్ధార్థ్ హైబ్రిడ్ బండి కొన్నాక ఇంట్లో తగువు మొదలైంది.

"నీ చేతికిత్తే ఏవరేజ్ పడిపోద్ది" అన్నాడు భార్య మనోజ్ఞతో. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తాయో దాన్ని మా జంషెడ్‌పూర్‌లో ఏవరేజ్ అనే అంటారు.

పందెం వేసుకున్నారు. ఏవరేజ్ ఎక్కువ తెచ్చినవాళ్లు ఆఫీసుకు బండిలో వెళ్లాలి, రెండోవాళ్లు ఆటోలో. సాక్షిని నేను.

శనివారం వాడు నన్ను ఎక్కించుకుని రాంచీ రోడ్డు మీద రివ్వున తోలాడు. పద్దెనిమిది వచ్చింది.

ఆదివారం మనోజ్ఞ నన్ను సాక్చి బజారుకు తీసుకెళ్లింది. ఆ రద్దీలో బండి బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పాకింది. ఇంజను ఆగిపోయిందనుకున్నాడో ఆటో అతను.

"గాడీ బంద్ హో గయీ, భాభీ?" అంటూ, జవాబు వినకుండానే ఇంకో ఇద్దరిని కేకేసి వెనక నుంచి తోయడం మొదలుపెట్టాడు. మనోజ్ఞ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి బండి తెర మీద ఏవరేజ్ ఇరవై నాలుగు.

"ఇది చీటింగ్! జనం తోసినారంట గదా!" అన్నాడు సిద్ధార్థ్.

"నాలుగడుగులు తోసినార్రా. హైబ్రిడ్ అంటే ఏటన్నావు? కొంత పెట్రోలు, కొంత ఇంకోటీ అన్నావు గదా. సాక్చిలో ఆ ఇంకోటి మనుషులే" అన్నాను నేను.

సోమవారం పొద్దున్న మనోజ్ఞ బండిలో వెళ్లిపోయింది. సిద్ధార్థ్ గేటు ముందు చెయ్యెత్తితే ఒక ఆటో ఆగింది. చూస్తే నిన్న తోసిన మనిషే. నన్ను గుర్తుపట్టి, జాలిగా వాడి వైపు తిరిగి మళ్లీ అదే అడిగాడు.

"గాడీ ఫిర్ బంద్ హో గయీ, భయ్యా?"